చివరి పేజీలో ఉన్న ఉద్యోగం

మా తోడల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకసారి దగ్గి, తరవాత గొడుగులు బాగుచేస్తాడని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. వారంలో ఆరు రోజులు ఆయన బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న ఇరుకు కొట్టులో కూర్చుని, విరిగిన పుల్లలు మార్చి, చిరిగిన గుడ్డ కుట్టి, మొండికేసిన గొడుగుల్ని బతిమాలి తెరిపించేవాడు. అసలు ఉద్యోగం మాత్రం ఏడో రోజున ఉండేది. చర్చిలోకి కుక్కలు రాకుండా చూడటం ఆయన పని.

నవ్వొస్తే నవ్వండి గానీ ఆయన ఎదురుగా మాత్రం నవ్వకండి. ఆయన తాతగారూ ఇదే పని చేశారు, నాన్నగారూ ఇదే పని చేశారు. తలుపు పక్కన ఒక కుర్చీ, చేతిలో మనిషెత్తు కర్ర, కర్ర కొసకు మెత్తటి గుడ్డమూట. ఆ మూట ఎందుకంటే, కుక్కకు దెబ్బ తగలకూడదు, పరువు మాత్రం పోవాలి అన్నది వాళ్ళ నాన్నగారి సిద్ధాంతం. పిల్లా పెద్దా అందరూ ఆయన్ని కర్ర మావయ్య అనేవాళ్ళు. మా ఆవిడ అక్క మొగుడు కాబట్టి నేను ఎదురుగా అన్నయ్యా అని పిలుస్తాను. ఇక్కడ మాత్రం ఊరి పిలుపే వాడతాను, అన్నయ్య అంటే ఆయన సగమే కనిపిస్తాడు.

బైబిల్లో ఆయనకు వచ్చినవన్నీ కుక్కలే. కుక్కకీ కుక్కకీ మధ్య ఖాళీ ఉండకూడదని మిగతాదంతా రాశారన్నట్టు మాట్లాడేవాడు. ఇశ్రాయేలు ప్రజలు ఐగుప్తు నుంచి బయల్దేరిన రాత్రి ఒక్క కుక్క కూడా వాళ్ళ మీద నోరెత్తలేదని రాసుంది కదా, ఆ చోటు వచ్చినప్పుడల్లా ఆయన తల ఊపి, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో గానీ పనిమంతుడు అనేవాడు. గిద్యోను సైన్యంలోకి కుక్కల్లా నీళ్ళు గతికిన మూడొందల మందినే తీసుకున్నారని తెలిశాక, గ్లాసుతో తాగేవాళ్ళంటే ఆయనకు కాస్త చిన్నచూపు. లాజరు పుండ్లు నాకిన కుక్కల విషయంలో మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయేవాడు. వాటిని తోలాలా వద్దా అని నన్ను బస్సులో అడిగాడు, మధ్యాహ్న భోజనంలో అడిగాడు, ఒకసారి మా మావగారి అంత్యక్రియల్లో కూడా అడిగాడు. యెజెబెలు రాణిని కుక్కలు తిన్న కథ పెళ్ళిభోజనాల దగ్గర చెప్పవద్దని మా వదిన, అంటే వాళ్ళావిడ, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. వేరే సంఘం వాళ్ళ గ్రంథంలో ఒక యువకుడి వెంట ప్రయాణమంతా నడిచిన కుక్క ఒకటి ఉందని విన్న రోజున, అది మన దాంట్లో ఎందుకు లేదని అన్నం మానేసినంత పని చేశాడు.

వీటన్నిటికంటే ఆయనకు ముఖ్యమైనది చివరి పేజీ. మొత్తం గ్రంథానికి ఆఖరి అధ్యాయంలో, పరలోక పట్టణం గుమ్మాల గురించి చెబుతూ, కుక్కలు బయటే ఉంటాయని రాసి ఉంది. అది చూపించి కర్ర మావయ్య కొత్తవాళ్ళకు ఒక ప్రశ్న వేసేవాడు. ఆ పేజీలో ఆర్గను వాయించేవాడు ఉన్నాడా? చందా పళ్ళెం తిప్పేవాడు ఉన్నాడా? లేడు. కుక్కలు బయట ఉన్నాయంటే వాటిని బయట పెట్టినవాడొకడు ఉండాలిగా? ఆర్గను వాయించేది నేనే కనుక ఈ ప్రశ్న ప్రతిసారీ నా వైపు చూస్తూనే అడిగేవాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కుక్కలు రావడం మానేశాయి. చర్చి గోడ పక్కనే ఒక బేకరీ ఉండేది. అది వెనక వీధికి మారిపోయింది, దానితోపాటే కుక్కలూ మారిపోయాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే గానీ ఆయన ముందు ఎవరూ అనేవాళ్ళు కాదు. తన కర్ర భయానికే మూడు వీధుల కుక్కలు దారి మార్చుకున్నాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీద ఆయన చాలాకాలం హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు కమిటీ కూర్చుంది. మా కమిటీ పెద్దకు పాల డిపో ఉంది. గొంతు పెద్దది, డిపో బోర్డు ఇంకా పెద్దది. ఎండలు ముదిరాయి, తలుపు పక్కన కూలరు పెడితే గాలి ఐదో బెంచీ దాకా వస్తుంది, ఆ చోట కుర్చీ ఉంది, ఆ కుర్చీలో ఉన్న మనిషికి పని లేదు, కాబట్టి నెలాఖరుకు ఆ ఉద్యోగం తీసేద్దాం అని ఆయన ప్రతిపాదించాడు. ఐదో బెంచీ దాకా కూర్చునేవాళ్ళందరూ చేతులెత్తారు. కర్ర మావయ్య లేచి, పోయిన నెలలోనే రెండు కుక్కల్ని తోలానని చెప్పాడు. ఎవరూ చూడలేదే అన్నారు. మీరంతా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు, అన్నాడాయన. కూలరు మాత్రం ఖాయమైంది.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా గ్లాసు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. ఆ ఉద్యోగంలో వచ్చేది ఆయన కొట్టులో గొడుగుల దారానికి కూడా చాలదు, అందుకని ఎందుకంత దిగులని నేను కాస్త విసుక్కున్నాను.

"దిగులు దాని గురించి కాదు తమ్ముడూ. నన్నెక్కడ కూర్చోమంటారు?"

బెంచీల్లో కూర్చో, వదిన పక్కన కూర్చో, అన్నాను.

"బెంచీలో కూర్చుని ఏం చెయ్యాలి?"

ఏమీ చెయ్యక్కర్లేదు, అందరూ అంతే, అన్నాను.

"నాకు పని ఉంది కాబట్టి లోపల ఉన్నాను. ఊరికే కూర్చుంటే, నిన్నెవరు రానిచ్చారని అడుగుతారు. ఏం చెప్పను?"

నేను నవ్వేశాను. యాభై దాటిన మనిషి అడగాల్సిన ప్రశ్నా అది అనిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్కసారి కూడా బెంచీ మీద కూర్చోలేదట, చిన్నప్పుడు కూడా వాళ్ళ నాన్న కుర్చీ కాళ్ళ దగ్గరే నేల మీద కూర్చునేవాడట. ఆ మాట విన్నాక నా నవ్వు కాస్త తగ్గింది. అయినా కూలరుకు చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఇంకేమీ అనలేదు.

మర్నాడు ఆయన చివరి పేజీ పట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. మా పాస్టరుగారు చదువు పూర్తి చేసుకుని కొత్తగా వచ్చినాయన, మంచివాడు. ఆయనకున్న ఒకే బలహీనత ప్రతీకలు. ఉప్పు కనిపిస్తే ఉప్పు కాదంటాడు, దీపం కనిపిస్తే దీపం కాదంటాడు. కర్ర మావయ్య వేలు పెట్టి చూపించిన చోటు చూసి పాస్టరుగారు మురిసిపోయి టీ తెప్పించాడు. ఆ కాలంలో కుక్కంటే పెంపుడు జంతువు కాదని, చెత్తకుప్పల మీద పడి తిరిగేదని, అందుకే సిగ్గులేని మనుషులకు ఆ పేరు పెట్టారని వివరించాడు. దావీదు మహారాజు తన శత్రువులను అలాగే అన్నాడని, పౌలు దొంగబోధకులను అలాగే అన్నాడని చెప్పాడు. టీ చల్లారిపోయింది గానీ పాస్టరుగారు చల్లారలేదు.

"ఇక్కడ కుక్కలంటే కుక్కలు కావు మావయ్యా. మనుషులు."

ఆ తరవాతి సంగతి పాస్టరుగారే మాకు చెప్పాడు. ఎలాంటి మనుషులు అని కర్ర మావయ్య మెల్లగా అడిగాడట. అబద్ధాన్ని ప్రేమించి అబద్ధం జరిగించేవాళ్ళని ఆ వాక్యంలోనే ఉందని పాస్టరుగారు చూపించాడు. అలాంటివాళ్ళు బయటే ఉండాలన్నమాట, అన్నాడు ఈయన. అలాగే రాసుంది, అన్నాడు ఆయన. మంచి విద్యార్థి దొరికాడని పాస్టరుగారు పొంగిపోయి, మీ ఉద్యోగం గురించి కమిటీతో ఇవాళే మాట్లాడతానని మాట కూడా ఇచ్చి పంపాడు. కర్ర మావయ్య దారి పొడుగునా ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. కుక్కలు లేవని ఎవరన్నారు, ఊరినిండా ఉన్నాయి, ఇన్నాళ్ళూ నేనే పోల్చుకోలేకపోయాను అని వదినతో అన్నాడట. వదినకు ఏమీ అర్థం కాక, టీలో ఏం కలిపి ఇచ్చారని అడిగిందట.

ఆదివారం వచ్చింది. పిల్లలంతా వెనకగదిలో వాళ్ళ క్లాసులో ఉన్నారు. పెద్దవాళ్ళం ఎప్పటిలాగే తలుపు దగ్గరికి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా కర్ర ఉంది. కర్ర వెనక ఇస్త్రీ చొక్కాలో కర్ర మావయ్య ఉన్నాడు. గుడ్డమూట కూడా కొత్తది కట్టాడు.

అందరికంటే ముందు కమిటీ పెద్ద వచ్చాడు. కర్ర మావయ్య లేచి నమస్కారం పెట్టి, ఈ వారం మీరు ఎవరితోనైనా అబద్ధమాడారా అండీ అని ఎంతో మర్యాదగా అడిగాడు. పెద్దాయన లేదన్నాడు. పాలు చిక్కగా ఉంటాయని డిపో బోర్డు మీద రాశారు కదండీ, అన్నాడు ఈయన. పెద్దాయన నీళ్ళు నమిలాడు. ఆయన వెనకే నిలబడ్డ ఆయన భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు చాలు. కర్ర పైకి లేవలేదు. దయచేసి ఎండ తగలకుండా ఆ గోడ పక్కన నిలబడండి అని కర్ర మావయ్య చోటు చూపించాడు.

తరవాత బట్టలు కుట్టే అత్తయ్య వచ్చింది. ఆవిడ నోటికి ఎవరూ ఆగలేరు. బుధవారం ఇస్తానన్న జాకెట్టు ఏమైంది అని వెనక నుంచి ఇద్దరు ఒకేసారి అడిగారు. ఆవిడ బుధవారం అన్నాను గానీ ఏ బుధవారమో అన్నానా అని గొడవకు దిగింది, అయినా గోడ పక్కకే వెళ్ళింది. రిటైరైన బడి మాస్టారు తన వయసు గురించి దొరికిపోయాడు. నేను ఆర్గను దగ్గరికి పోవాలి దారి వదలమంటే, ఐదు నిమిషాల్లో వస్తున్నానని నాతో ఫోనులో చెప్పిన రోజున నువ్వు ఇంకా స్నానం కూడా చెయ్యలేదు తమ్ముడూ, అన్నాడు. మా ఆవిడ నా తరఫున ఒక్క ముక్క మాట్లాడకపోగా, సబ్బు నురగ సంగతి కూడా చెప్పింది.

తోసుకుని లోపలికి పోవచ్చు. కర్ర ఎంత, మనిషి ఎంత? కానీ ముందు తోసుకున్నవాడు ముందుగా దొరికిపోయినట్టే కదా, అందుకని ఎవరూ కదలలేదు. పైగా గోడ పక్కన చేరినవాళ్ళకు ఒక సరదా పుట్టింది. తమ వెనక వచ్చేవాళ్ళు దొరకాలని వాళ్ళే పాత సంగతులు అందించడం మొదలుపెట్టారు. ఏ మచ్చా లేకుండా దాటిపోతాడనుకున్న మందులషాపాయన్ని ఆయన సొంత బావమరిదే పట్టిచ్చాడు.

ప్రార్థన వేళ దాటినా బెంచీలు ఖాళీగా ఉండటంతో పాస్టరుగారు పక్కగుమ్మం నుంచి బయటికి వచ్చాడు. సంగతి తెలిసి తల పట్టుకున్నాడు. అది ప్రతీక మావయ్యా, అన్నాడు. నేనూ ప్రతీకల్నే ఆపుతున్నానండీ, కుక్కల్ని కాదు, అన్నాడు కర్ర మావయ్య. తను చెప్పిందే తనకు తిరిగొచ్చేసరికి పాస్టరుగారికి తల ప్రాణం తోకకొచ్చింది. సరే, ముందు నన్ను లోపలికి పోనివ్వండి, తరవాత మాట్లాడుకుందాం అని గుమ్మం వైపు అడుగేశాడు. కర్ర కదల్లేదు.

"నా ఉద్యోగం గురించి కమిటీతో మాట్లాడారా అండీ?"

పాస్టరుగారు కమిటీ పెద్ద వైపు చూశాడు. కమిటీ పెద్ద తనతో ఏమీ అనలేదే అన్నట్టు చూశాడు. పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. మరిచిపోయానని అనబోయి, అది కూడా నిజం కాదని తోచినట్టుంది, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కన గోడకు చేరగిలబడ్డాడు. పక్కగుమ్మం తెరిచే ఉంది, అటు నుంచి వెళ్ళిపోవచ్చు. ఆయన వెళ్ళలేదు. అందుకే మంచివాడని ముందే చెప్పాను.

ఇక మిగిలింది మా వదిన. ఆవిడ వరసలో ఆఖరున చేతిసంచీతో నిలబడి ఇదంతా చూస్తోంది. తన వంతు వచ్చేదాకా ఆగి, కర్ర ముందుకు వచ్చి, మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"నన్ను తరవాత అడుగుదువు గానీ, ప్రార్థనలో తోలిన ఆ రెండు కుక్కలూ ఏ రంగువి?"

కర్ర మావయ్య నోరు తెరిచాడు. ఒకటి నల్లది అన్నాడు. రెండోది అని ఆగిపోయాడు. మేమంతా ఆయన మొహం వైపే చూస్తున్నాం. ఆ మొహంలో రెండో కుక్క ఎంత వెతికినా దొరకలేదు. కాసేపటికి మొదటిది కూడా మాయమైంది. ఆయన నిట్టూర్చి, గుమ్మం దిగి, కర్రతో సహా వచ్చి గోడ పక్కన వరస చివర నిలబడ్డాడు. వదిన కూడా వెళ్ళి ఆయన పక్కన నిలబడి, సంచీలోంచి గొడుగు తీసి ఇద్దరికీ పట్టింది. అలా మా సంఘం మొత్తం, గోడ నీడ చాలక, బయట ఎండలో నిలబడింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఫ్యాన్లు ఖాళీ బెంచీల మీద తిరుగుతున్నాయి.

అప్పుడు వచ్చింది కుక్క. బేకరీ వీధి నుంచి వచ్చిందో, ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, గోధుమరంగు కుక్క, ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. మా వరసంతా ఒకసారి తీరిగ్గా చూసుకుంటూ నడిచి, మెట్లెక్కి, గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. ఎవరూ ఏమీ అడగలేదు. అది బెంచీల మధ్య నుంచి నేరుగా ప్రసంగ వేదిక ముందు దాకా పోయి, ఫ్యాను గాలి బాగా తగిలే చోటు చూసుకుని, చుట్టూ ఒకసారి తిరిగి, పడుకుంది.

కమిటీ పెద్ద గబుక్కున కర్ర మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. పదిమందిలో పరువు పోయిన మనిషికి దాన్ని తిరిగి సంపాదించుకునే దారి దొరికింది. ఇదిగో కుక్క, అందరం చూశాం, ఇక నీ ఉద్యోగానికి తిరుగులేదు, కూలరు ఇంకెక్కడైనా పెట్టుకుంటాం, ఇప్పుడే వెళ్ళి దాన్ని తోలు, నువ్వు బతికున్నన్నాళ్ళూ ఆ కుర్చీ నీదేనని ఇక్కడే తీర్మానం చేస్తాను, అన్నాడు. అందరం చేతులెత్తాం. ఈసారి ఐదో బెంచీ అవతలివాళ్ళు కూడా ఎత్తారు.

ఆయన కర్ర సర్దుకుని లోపలికి వెళ్ళాడు. మేం గుమ్మం దగ్గర మూగి తొంగిచూశాం. ఎన్ని ఏళ్ళుగా ఎదురుచూసిన కుక్కో అది. దాని ముందు నిలబడి కర్ర చాచాడు. గుడ్డమూట దాని వీపుకు తగిలింది. కుక్క తల ఎత్తి ఆయన వైపు చూసి, తోక రెండుసార్లు నేలకేసి కొట్టి, మళ్ళీ తల దించి పడుకుంది. పరువు పోయిన ఛాయలేవీ దాని మొహంలో లేవు. ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఏం ఆలోచించాడో నాకు తెలియదు. నాకు మాత్రం మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయన అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

ఆయన తిరిగి గుమ్మం దాకా వచ్చాడు. కుక్క అక్కడే ఉంది. ఏమైందని కమిటీ పెద్ద అడిగాడు.

"దానికి ఇక్కడ పనేమీ లేదండీ. అయినా వచ్చి పడుకుంది. ఎవరు రానిచ్చారని దాన్ని అడగలేకపోయాను."

తోలితేనే ఉద్యోగం ఉంటుందని పెద్దాయన గుర్తుచేశాడు. తెలుసండీ, అన్నాడు కర్ర మావయ్య. కర్రను గుమ్మం పక్కన గోడకు ఆనించాడు. అది జారి కింద పడితే ఎత్తలేదు. వెనక్కి తిరిగి, బెంచీల మధ్య నడిచి, ఏ బెంచీలో కూర్చోవాలో తెలియక రెండు మూడు చోట్ల ఆగి, చివరికి కుక్కకు దగ్గరగా ఉన్న బెంచీలో ఒక కొసన, ఇంకొకరికి చోటు వదిలి కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మా వదిన గొడుగు ముడిచి, ఎవరినీ అడక్కుండా లోపలికి పోయి ఆయన పక్కన కూర్చుంది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కమిటీ పెద్ద గొంతు సవరించుకుని, మరి మేం రావచ్చా అని గుమ్మంలోకి అడిగాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు, అందుకని జవాబు రాలేదు. కాసేపు చూసి, ఒకరి వెనక ఒకరం అందరం లోపలికి వెళ్ళాం.